ఉలవల మీద జారిన లారీ

ఆ ఉదయం రాప్తాడు ఇంకా రాకముందు, చిన్న కల్వర్టుకు ఇవతల, రోడ్డు మీద ఉన్నవి ఇవి: వేరుశనగ మూటలు నింపుకున్న లారీ, దాన్ని నడుపుతున్న మా చిన్నాయన, ఫుట్‌బోర్డు మీద నిలబడిన క్లీనరు, లోపల కూర్చున్న నేను, రోడ్డు ఎడమ సగంలో నలభై గజాల పొడవున పరిచిన, కాయలతోనే కోసి ఎండబెట్టిన ఉలవ కట్టె, ఆ ఉలవలు పండించిన అవ్వ, ఆమె కోడలు, రెండు ఊడ్చే పరకలు, మూడు చేటలు, కట్టెను తిరగేయడానికి కొంకి ఉన్న కర్ర ఒకటి, రోడ్డంచున ఫర్లాంగు రాయి. కాసేపటి తర్వాత చూస్తే ఇవన్నీ అక్కడే ఉన్నాయి. లారీ మాత్రం పక్కకు పడుకుని ఉంది. ఫర్లాంగు రాయి రెండు ముక్కలై ఉంది.

అప్పటికి నేను పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా ముగించి ఇంట్లో ఉన్నాను. రోడ్ల శాఖలో ఓవర్సీరు పని ఖాళీ ఉందని ఎవరో చెబితే కనుక్కుందామని అనంతపురం బయల్దేరాను. బస్సులో నిలబడి పోవడం కన్నా చిన్నాయన లారీలో కూర్చుని పోవడం నయమనిపించింది. చిన్నాయన మా నాయనకు తమ్ముడు. ధర్మవరం సావుకారు ఒకాయన దగ్గర లారీ డ్రైవరు. లారీ తప్ప ఆయనకు వేరే పని రాదు. నేర్చుకోవాలన్న ఆశ కూడా ఎన్నడూ కనబడలేదు.

మా ప్రాంతం తెలియని వాళ్ళకు ఉలవల సంగతి కొంచెం చెప్పాలి. మామూలుగా అయితే పంటను కల్లంలో పరిచి ఎద్దులతో తొక్కిస్తారు. వరసగా రెండేళ్ళు వాన తప్పితే మేత దొరకదు, ఎద్దుల్ని సంతకు తోలి అమ్మేస్తారు. ఎద్దులు లేని ఏడు కూడా ఉలవ ఎంతో కొంత పండుతుంది, దానికి మంచు పడినా చాలు. అప్పుడు తారు రోడ్డే కల్లం, లారీ చక్రాలే ఎద్దుల కాళ్ళు. ఆడవాళ్ళు తెల్లవారుతూనే కట్టెను రోడ్డు మీద పరిచి, పక్కన చెట్టు నీడన కూర్చుని, బండ్లు వచ్చే దిక్కు చూస్తూ ఉంటారు. రెండు మూడు బండ్లు పోయాక లేచి కట్టెను తిరగేస్తారు. సాయంత్రానికి గింజ ఊడ్చుకుని, పొట్టు గాలికి ఎగరేసుకుని ఇంటికి పోతారు.

ఈ విషయంలో డ్రైవర్లు నాలుగు రకాలు. పంట కనబడగానే పక్కకు తప్పుకుని పోయేవాళ్ళు మొదటి రకం, వీళ్ళకు తిట్లు తప్పవు. చూడనట్టే దాని మీదుగా దూసుకుపోయేవాళ్ళు రెండో రకం, వీళ్ళ ధాటికి సగం గింజలు కంపల్లోకి ఎగిరిపోతాయి. మూడో రకం వేగం తగ్గించి, చక్రాలు కట్టె మీద సరిగ్గా పడేట్టు చూసుకుని పోతారు. నాలుగో రకం అడిగితే వెనక్కి వచ్చి మళ్ళీ తొక్కిస్తారు. నాలుగో రకంలో నాకు తెలిసింది మా చిన్నాయన ఒక్కడే.

ఆ రోజు మేము ఒకసారి పంట మీదుగా వచ్చేశాం. అవ్వ లేచి చేయి అడ్డం పెట్టింది.

"ఇంగొక తూరి ఎనిక్కొచ్చి తొక్కిచ్చు నాయనా. అడుగున ఇంగా నలగలేదు."

చిన్నాయన మారుమాట లేకుండా వెనక్కి తీశాడు. క్లీనరు ఫుట్‌బోర్డు మీద నిలబడి రా, రా అంటూ చేయి ఊపాడు. మళ్ళీ ముందుకు వస్తున్నప్పుడు జరిగింది. ఉలవ గింజ నున్నగా, గట్టిగా ఉంటుంది. అప్పటికే చాలా గింజ కట్టె నుంచి రాలి తారు మీద పరుచుకుని ఉంది. పైన మంచు తడి. రోడ్డు అక్కడ కల్వర్టు వైపు వాలుగా ఉంది, మధ్యలో ఎత్తు, అంచులకు పల్లం. నిండు బరువున్న లారీకి బ్రేకు వేయగానే చక్రాలు ఆగాయి, లారీ ఆగలేదు. పిల్లలు గోలీల మీద పలక పెట్టి తోసినట్టు మెల్లగా ఎడమ పక్కకు జారింది. అంచున మట్టి మెత్తగా ఉంది. లారీ వంగింది, ఒక్క క్షణం అట్లాగే నిలిచింది, తర్వాత అలసిపోయిన ఎనుము పడుకున్నంత నిదానంగా పడుకుంది. వేగం ఎంత అని ఎవరైనా అడిగితే, పక్కన నడిచే మనిషి దాన్ని దాటిపోయి ఉండేవాడని చెప్పగలను.

నేనూ చిన్నాయనా పైకి వచ్చిన తలుపులోంచి ఎక్కి బయటపడ్డాం. క్లీనరు ముందే దూకేశాడు, మణికట్టు బెణికింది. చిన్నాయన మొదట అతని చేయి పట్టుకుని చూశాడు, తర్వాత అవ్వ దగ్గరికి పరుగెత్తి ఆమెకేమీ కాలేదు కదా అని అడిగాడు.

"నాకేమయితాదిరా," అంది అవ్వ. "నా ఉలవల్లోకి నీ చెనిక్కాయలు పడిపాయ. ముందు ఆ సంగతి చూడు."

అది నిజమే. చిరిగిన గోతాల నుంచి వేరుశనగ కాయలు రోడ్డంతా పరుచుకున్నాయి. కాయలు సావుకారువి, ఉలవలు అవ్వవి. ఒకరిది ఒకరికి పోకూడదు. ఊరు రోడ్డుకు దగ్గరే కాబట్టి చూస్తుండగానే జనం చేరారు. చేటలు, పరకలు, జల్లెళ్ళు వచ్చాయి. పెద్ద కన్నాల జల్లెడ పడితే ఉలవలు కిందికి పోతాయి, కాయలు పైన నిలుస్తాయి. ఆ పద్ధతి నేనే చెప్పాను, చదువు కొంతైనా పనికొచ్చిందని సంతోషపడ్డాను కూడా. చిన్నాయన స్వయంగా ఉలవ కట్టెను మోపులు కట్టి పక్కకు మోశాడు. క్లీనరు ఒంటి చేత్తో గోతాం పట్టుకున్నాడు. కోడలు ఆఖరికి రోడ్డును ఇంటి ముంగిలి ఊడ్చినట్టు ఊడ్చింది. మధ్యాహ్నానికి ఒక కుప్ప కాయలు, ఒక కుప్ప ఉలవలు, నల్లగా మెరిసే తారు రోడ్డు.

అప్పుడు హెడ్ కానిస్టేబులు సైకిలు మీద వచ్చాడు.

ఆయన లారీ చుట్టూ తిరిగి, రోడ్డు అటూ ఇటూ చూసి, ఏమైందని చిన్నాయనను అడిగాడు. జారిందని చిన్నాయన చెప్పాడు. దేని మీద జారిందని ఆయన అడిగాడు. చిన్నాయన కుప్ప పక్కన కూర్చున్న అవ్వను చూశాడు. రోడ్డు మీద పంట వేస్తే కేసు రాస్తామని ఆ ఏడు రెండుసార్లు దండోరా వేయించారు. పక్క ఊళ్ళో ఒకాయనకు జుల్మానా కూడా పడింది. చిన్నాయన తల గోక్కుని ఏమో సార్ అన్నాడు. అక్కడున్న వాళ్ళంతా ఆకాశం వైపు చూశారు.

హెడ్ కానిస్టేబులు రాసుకున్నవి నాలుగు: రోడ్డు పొడిగా ఉంది, రోడ్డు మీద అడ్డం ఏమీ లేదు, లారీ పక్క గుంతలో పడి ఉంది, ప్రభుత్వపు రాయి విరిగి ఉంది. నాలుగూ నిజాలే. ఆ నాలుగూ కలిపి చూస్తే అతివేగం, అజాగ్రత్త తప్ప ఎవరికైనా ఇంకేం తోస్తుంది? హెడ్ కానిస్టేబులు చిన్నాయన లైసెన్సు తీసుకుని, కోర్టులో దాఖలు చేస్తామని చెప్పి వెళ్ళిపోయాడు.

సావుకారు మంచివాడే. కాయలు పోలేదు కాబట్టి కోపగించుకోలేదు. లారీని లేపించి, బాగు చేయించి, లైసెన్సు తిరిగి వచ్చేదాకా నడపడానికి అనంతపురం నుంచి ఇంకొక డ్రైవరును పెట్టుకున్నాడు. చిన్నాయనను మండీలో మూటలు లెక్కపెట్టే పనిలో కూర్చోబెట్టాడు. కేసు ఓడితే లైసెన్సు రద్దవుతుంది, రద్దయితే మండీలోనే ఉండాలి. ఆ రోజుల్లో ఆయన సాయంత్రాలు మా ఇంటి అరుగు మీద కూర్చునేవాడు. దూరాన ఏదైనా లారీ గేరు మారుస్తున్న చప్పుడు వినబడితే ఆయన ఎడమ కాలు దానంతట అదే నేలను తొక్కేది. మా పిన్నమ్మ దాన్ని చూసి నవ్వేది, తర్వాత నవ్వడం మానేసింది.

మా ఇంట్లో ఎవరూ అంతకుముందు వకీలు గడప తొక్కలేదు. ఏం చేయాలన్న దానిపై ఇంట్లో వచ్చిన సలహాలు: తప్పు ఒప్పుకుని జుల్మానా కట్టి రావడం, సావుకారు చేత పోలీసులకు చెప్పించడం, కదిరి తేరుకు మొక్కుకోవడం, వకీలును చూడడం. మొదటిది చేస్తే లైసెన్సు పోతుందని నేను చెప్పాను. రెండోదానికి సావుకారు ఒప్పుకోలేదు. మూడోది పిన్నమ్మ అప్పటికే చేసేసింది. నాలుగోది మిగిలింది.

వకీలుగారు అనంతపురంలో తన ఇంటి ముందుగదిలోనే కక్షిదారులతో మాట్లాడేవారు. లావుగా, ఎప్పుడూ నవ్వుతూ ఉండే మనిషి. నాయన, చిన్నాయన, నేను పోయి బల్ల ముందు వరసగా కూర్చున్నాం. ఆయన కాగితాలు అడగలేదు. ఇంకు అద్దుడు కాగితాన్ని చాపి ఇది రోడ్డు అన్నారు, దాని మీద అగ్గిపెట్టె పెట్టి ఇది నీ లారీ అన్నారు. ఆ రోజు ఎట్లా నడిపావో అట్లాగే నడిపి చూపించమని చిన్నాయనకు చెప్పారు.

చిన్నాయనకు చాలా రోజులకు దొరికిన లారీ అది. రెండు వేళ్ళతో పట్టుకుని జాగ్రత్తగా ముందుకు నడిపాడు. ఆగాడు. వెనక్కి తీశాడు. మళ్ళీ ముందుకు నడిపి, పక్కకు జార్చి, ఇంకుబుడ్డి దగ్గర మెల్లగా పడుకోబెట్టాడు.

వకీలుగారు అగ్గిపెట్టెను చూస్తూ అడిగారు.

"ఏమప్పా, నట్టనడి రోడ్డులో ఎనిక్కి ఎందుకొస్తివి?"

చిన్నాయన అగ్గిపెట్టెను లేపి నిలబెట్టాడు. నాయన నన్ను చూశాడు. నేను అవ్వ సంగతి, ఉలవల సంగతి, మేమే రోడ్డు ఊడ్చిన సంగతి చెప్పేశాను. తర్వాత సంచిలోంచి నేను గీసిన ప్లాను తీశాను. రోడ్డు వెడల్పు, వాలు, కల్వర్టు, ఫర్లాంగు రాయి, పంట పరిచిన చోటు, చక్రాలు జారిన గీతలు, అన్నీ స్కేలు ప్రకారం వేశాను. పంటకు ఆకుపచ్చ రంగు కూడా పూశాను. వకీలుగారు దాన్ని రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, గుమాస్తాను కూడా పిలిచి చూపించి మెచ్చుకున్నారు.

"బలే గీసినావు నాయనా. దీంట్లో ఉలవలు ఉండాయి. పోలీసోళ్ళు చూసిన రోడ్డు మీద లేవు. అదీ మన కష్టం."

డ్రైవరు అన్నకొడుకు మాట, అన్నకొడుకు గీసిన బొమ్మ కోర్టులో అంతగా నిలవవని, ఊరివాళ్ళలో ఒకరు వచ్చి పంట ఉన్నదని చెప్పాలని ఆయన వివరించారు. అవ్వ చెబితే అన్నిటికన్నా మేలు. మహా అయితే ఆమెకు చిన్న జుల్మానా పడొచ్చు, పడకపోవచ్చు. చిన్నాయన తల అడ్డంగా ఊపాడు.

"ఆయమ్మను కోర్టుకు ఈడ్చేది నా వల్ల కాదు సార్. రేపు ఆ రోడ్డున ఏ మొగం పెట్టుకోని పోయేది?"

"రోడ్డున పోవల్లంటే లైసెన్సు ఉండల్ల గదప్పా," అన్నారు వకీలుగారు.

చిన్నాయన అయినా ఒప్పుకోలేదు. అందుకని మరుసటి వారం ఆయనకు చెప్పకుండా నాయనా నేనూ ఆ ఊరికి పోయాం. అవ్వ మజ్జిగ ఇచ్చి కూర్చోమంది. ఆమెను కోర్టుకు రమ్మని ఎట్లా అడగాలా అని దారి పొడవునా నేను మనసులో మాటలు కూర్చుకున్నాను. వాటి అవసరం రాలేదు. పోలీసులు ఏం రాశారని ఆమే అడిగింది. రోడ్డు మీద అడ్డం ఏమీ లేదని రాశారని చెప్పాను. ఆమె చేతిలో పని ఆపి ఇంకోసారి చెప్పమంది. చెప్పాను.

"ఏమీ లేదంట్నా? వాన లేని ఏట, పిట్టల్ని తోలుకుంటా కూర్చోని పండించిన ఉలవలప్పా అవి. కళ్ళెదురుగా కుప్ప పోసి పెట్టింటిమి. ఏమీ లేదని ఎట్ల రాస్తాడు?"

ఆమెకు కోపం వచ్చింది జుల్మానా గురించి కాదు, కేసు గురించి కూడా కాదు. తన పంటను ప్రభుత్వం వారు లెక్కలోకి తీసుకోలేదని. చిన్నాయన తనను అడగొద్దన్నాడని నాయన చెబితే అదీ ఇంకొక కోపమైంది. ఆయన ఎవరు తనకు అడ్డం చెప్పడానికి అంది. ఈ మాటలు వింటూ చుట్టుపక్కల ఇళ్ళ వాళ్ళు వచ్చి నిలబడ్డారు. అంతా కలిసి ఒక ఆలోచన చేశారు. అవ్వ ఒక్కతే పోతే జుల్మానా అవ్వ మీద పడుతుంది, అందరూ పోయి మేమూ రోడ్డు మీదే వేస్తామని చెబితే కోర్టు దొర ఎందరికని వేస్తాడు? సాక్షి ఒక్కరు చాలని నేను రెండుసార్లు చెప్పాను. నా మాట ఎవరూ పట్టించుకోలేదు.

వాయిదా రోజున కోర్టు ఆవరణలోకి పద్నాలుగు మంది వచ్చారు. అందరి దగ్గరా జొన్నరొట్టెల మూటలు ఉన్నాయి. వకీలుగారు వాళ్ళను చూసి నల్లకోటు గుండీలు విప్పి మళ్ళీ పెట్టుకున్నారు. అవ్వను తప్ప మిగిలినవాళ్ళను వేపచెట్టు కింద కూర్చోబెట్టడానికి గుమాస్తాకు చాలాసేపు పట్టింది. తమనూ సాక్ష్యానికి పిలిచేదాకా కోర్టు గడప దగ్గర నుంచి కదిలేది లేదని వాళ్ళు పట్టుబట్టారు. చిన్నాయన ముద్దాయిల బోనులో నిలబడి అవ్వను చూడగానే ముఖం పక్కకు తిప్పుకున్నాడు. అవ్వ మాత్రం బోను దాటిపోతూ, కట్టుకున్న పంచె బాగా ఉతకలేదని ఆయనకు చెప్పి పోయింది.

పంట రోడ్డు మీద ఉన్నదని, అది తనదేనని అవ్వ ప్రమాణం చేసి చెప్పింది. పోలీసుల తరఫు ప్లీడరు లేచి లారీ చాలా వేగంగా వచ్చిందా అని అడిగాడు. అవ్వ ఆయన ప్రశ్న అర్థం కానట్టు చిన్నాయనను చూసింది, ప్లీడరును చూసింది.

"ఈయప్పనా? వేగమా?" అంది. "ఈయప్పంత నిదానంగా పొయ్యే డ్రైవరు ఈ రోడ్డులో లేడు సామీ. ఒగ దినము నాకు మోకాలి నొప్పి, ఆసుపత్రికి దింపమంటి. నడిచి పోయింటే ముందే చేరిందును. దావంతా తిట్టినా, ఏమప్పా, నీ బండికి చక్రాలు ఉండాయా లేవా అని. ఆ పొద్దు గూడా నేను రమ్మంటేనే ఎనిక్కొచ్చె, నా ఉలవలు తొక్కిచ్చేకి. అనేదుంటే నన్ను అనండి. ఆయప్పను ఆడ ఎందుకు నిలబెట్టినారు?"

మెజిస్ట్రేటుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. నవ్వు ఆపుకోవడానికే అనుకుంటాను. ప్లీడరు ఇంకొక ప్రశ్న వేశాడు, రోడ్డు మీద పంట వేయకూడదని తెలుసా అని. తెలుసని అవ్వ ఒప్పుకుంది. ఎద్దులు అమ్ముకున్నామని, కర్రతో కొట్టి రాల్చే శక్తి తనకు లేదని, లారీలైతే మేత అడగవని చెప్పింది. నా ప్లాను కూడా మెజిస్ట్రేటుగారి బల్ల మీదికి పోయింది. ఆయన దాన్ని తిరగేసి, సరిచేసి, కల్వర్టు వైపు వాలు ఎంతో చూసుకుని పక్కన పెట్టారు. ఆకుపచ్చ రంగు గురించి ఏమీ అనలేదు.

భోజనాల తర్వాత తీర్పు చెప్పారు. లారీ అతివేగంగా పోయినట్టు రుజువు కాలేదు, రోడ్డు మీద ధాన్యం ఉన్నట్టు నమ్మదగిన సాక్ష్యం ఉంది, ముద్దాయిని విడిచిపెట్టడమైనది, లైసెన్సు తిరిగి ఇవ్వవలసినది. చిన్నాయనకు సగమే అర్థమైనట్టుంది. బోను దిగకుండా అక్కడే నిలబడ్డాడు. వకీలుగారు పోయి చేయి పట్టుకుని దించారు. తర్వాత మెజిస్ట్రేటుగారు అవ్వను పిలిపించి, ఈసారికి వదిలేస్తున్నానని, ఇకమీదట రోడ్డు మీద పంట వేయకూడదని మెల్లగానే చెప్పారు.

"మరి యాడ ఏసుకోవల్ల సామీ?" అని అవ్వ అడిగింది.

నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. ఆయన పక్కనున్న కాగితాలు సర్దుకుని, తర్వాతి కేసు పిలవమన్నారు.

గుమాస్తా లోపలి నుంచి లైసెన్సు తెచ్చి ఇచ్చేటప్పటికి పొద్దు వాలింది. చిన్నాయన దాన్ని తెరిచి తన ఫోటోను చూసుకున్నాడు, మూసి జేబులో పెట్టుకున్నాడు, మళ్ళీ తీసి చూసుకున్నాడు. అవ్వ దగ్గరికి పోయి ఏదో చెప్పబోయాడు. ఆమె ఆ మాటలు సాగనీయలేదు. ఊరికి పోయే బస్సు వెళ్ళిపోయిందని, వీళ్ళందర్నీ ఎట్లా చేర్చేదో ఆలోచించమని అంది.

ఆ రోజు అనంతపురానికి కాయలు తోలిన సావుకారు లారీ ఖాళీగా కోర్టు బయట నిలబడి ఉంది. తాత్కాలిక డ్రైవరుది అదే ఊరు. అతను చిన్నాయన చేతిలో తాళం పెట్టి, బండికి బ్రేకులు కొంచెం బిగువుగా ఉన్నాయని చెప్పి ఇంటికి నడిచి వెళ్ళిపోయాడు. చిన్నాయన వెనక తలుపు దించి అందరినీ ఎక్కమన్నాడు. వకీలుగారు నాయనకు సెలవు చెబుతున్నవారు అది చూసి గబగబా వచ్చారు. సరుకు లారీలో డ్రైవరు, క్లీనరు కాక ఆరుగురికి మించి ఎక్కిస్తే లైసెన్సు మీదికి వస్తుందని చిన్నాయనకు గుర్తు చేశారు. దారిలో ఎవరైనా ఆపితే రేపు పొద్దున మళ్ళీ తన గదిలోనే అగ్గిపెట్టె నడపవలసి వస్తుందని కూడా చెప్పారు.

చిన్నాయన చేతులు జోడించి అంతా విన్నాడు. అవ్వను ముందు సీటులో కూర్చోబెట్టాడు, నాయనా నేనూ వెనక జనంతో ఎక్కాం. క్లీనరు అందరూ ఎక్కారని చూసుకుని వెనక తలుపు వేశాడు. డ్రైవరు, క్లీనరు కాక, లారీలో పదహారు మందిమి.